ప్లీహం తీసిన తర్వాత: చిన్న గాటు, జీవితకాలపు జాగ్రత్త

ఎడమ పక్కటెముకల చాటున ఒదిగి ఉండే ప్లీహం పిడికెడంత అవయవం. బరువు సుమారు 150 గ్రాములు. ముదిరిన ఎర్ర రక్తకణాలను తొలగించడం, రక్తంలో చొరబడిన సూక్ష్మజీవులను వడగట్టడం దాని ముఖ్య విధులు. కొన్ని రక్తవ్యాధులలో ఈ వడపోత హద్దుమీరి పనికివచ్చే కణాలను సైతం నాశనం చేస్తుంది. అప్పుడు ప్లీహాన్ని తొలగించవలసి రావచ్చు. లాపరోస్కోపు సాయంతో అలా తొలగించిన వైనాన్ని 1991లో ఫ్రాన్సు వైద్యులు ప్రచురించారు. నాటినుండి పెద్ద కోతకు బదులు మూడు నాలుగు చిన్న గాట్లతోనే ఈ చికిత్స చేయడం సాధ్యమైంది.

బ్నీద్ అల్ గార్‌లోని తన ఫ్లాటుకు తిరిగివచ్చిన రోగిని మొదట ఆశ్చర్యపరిచేది భుజం నొప్పి. శస్త్రచికిత్స వేళ పొట్టను ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ వాయువు ఊపిరితిత్తుల అడుగునున్న కండరపు పొరను రేపుతుంది. ఆ పొర నాడీ, భుజం నాడులూ వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి గనుక మెదడు నొప్పి స్థానాన్ని పొరబడుతుంది. ఈ వాయువు రక్తంలో సులభంగా కరిగి, ఊపిరితో బయటికి పోతుంది. అందువల్ల కొద్దిరోజులలో నొప్పి తగ్గుతుంది. తగ్గకపోగా పెరిగినా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

రోగి మంచానికే పరిమితం కారాదు. ప్లీహం పోయాక రక్తంలో ప్లేట్‌లెట్లు పెరుగుతాయి. కాలేయానికి వెళ్లే సిరలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. కువైట్ వేసవిలో ఒంట్లో నీరు తగ్గితే ఈ ముప్పు మరింత హెచ్చుతుంది. కనుక తగినంత నీరు తాగుతూ, చల్లని గదిలోనే కొద్దికొద్దిగా నడవాలి. వైద్యుడు అనుమతించేవరకు నీళ్లసీసాల పెట్టెలవంటి బరువులు ఎత్తరాదు. కడుపునొప్పి నానాటికీ పెరుగుతుంటే ఉపేక్షించరాదు.

గాట్లు కొన్ని వారాలలో మానిపోతాయి. వడపోత లేని లోటు మాత్రం జీవితాంతం ఉంటుంది. ప్లీహం తీసిన పసిపిల్లలలో తీవ్రమైన అంటురోగాలు వస్తున్నాయని 1952లో అమెరికా వైద్యులు కింగ్, షూమాకర్ వెల్లడించారు. న్యూమోకోకస్ వంటి సూక్ష్మజీవులు చక్కెర పదార్థపు తొడుగుతో దేహరక్షక కణాలను ఏమారుస్తాయి. వాటిని పట్టడంలో ప్లీహానిది పెద్దచేయి. అది లేనివారిలో సాధారణ జ్వరంగా మొదలైన జబ్బు కొద్దిగంటలలోనే ప్రాణాంతకం కావచ్చు. 38 డిగ్రీల జ్వరం, వణుకు కనిపించినప్పుడు ఎండదెబ్బ అనుకొని మాత్ర వేసుకొని పడుకోవడం తగదు. వెంటనే ఆసుపత్రికి చేరాలి. అవసరమైతే 112కు ఫోన్ చేయాలి.

న్యూమోకోకస్, మెనింజోకోకస్, హిబ్ టీకాలు వీలైతే శస్త్రచికిత్సకు రెండు వారాల ముందే పూర్తికావాలి. అలా కుదరకపోతే తర్వాత ఎప్పుడు వేయించుకోవాలో వైద్యుని అడగాలి. సెలవులకు స్వదేశం వెళ్లేవారు మలేరియా నివారణ గురించీ తెలుసుకోవాలి. కుక్క కరిస్తే గాయం చిన్నదైనా వైద్యునికి చూపాలి. ‘ప్లీహం లేదు’ అని అరబ్బీ, ఆంగ్ల భాషలలో రాసిన చీటీ ఒకటి సివిల్ ఐడీతోపాటు పర్సులో ఉంచుకోవడం మేలు. స్పృహ తప్పిన వేళ రోగి తరఫున మాట్లాడేది ఆ చీటీయే.