ఉష్ణప్రభావంతో మృత్తికా ఖనిజాల నుంచి ఆర్గాన్ విడుదల: కాలనిర్ణయంలో దాని ప్రాధాన్యం

హైదరాబాద్ పాతబస్తీలోని చార్మినార్‌ను 1591లో గ్రానైటు, సున్నపు గచ్చులతో నిర్మించారు. కట్టడం వయస్సు నాలుగు శతాబ్దాలకు పైబడింది. ఈ ప్రాంతపు గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. ఆ శిల పగుళ్లలో ఏర్పడే మృత్తికా ఖనిజాల వయస్సు ఈ రెండింటికీ భిన్నమైనది. దానిని నిర్ణయించే పద్ధతుల్లో పొటాషియం-ఆర్గాన్ పద్ధతి ముఖ్యమైనది.

సహజ పొటాషియంలో 0.0117 శాతం మాత్రమే ఉండే పొటాషియం-40 అర్ధజీవిత కాలం సుమారు 125 కోట్ల సంవత్సరాలు. విఘటన చెందే పరమాణువుల్లో దాదాపు పదోవంతు ఆర్గాన్-40గా మారుతుంది. కేయొలినైటులో పొటాషియం దాదాపు ఉండదు కనుక ఈ పద్ధతికి అది పనికిరాదు. ఇల్లైటు తన పొరల మధ్య పొటాషియాన్ని బంధించి ఉంచుతుంది. అందులో పుట్టిన ఆర్గాన్ కూడా అక్కడే నిలుస్తుంది.

ఇల్లైటును శూన్యంలో వేడిచేస్తే మొదట అధిశోషిత జలం తొలగుతుంది. ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీలు దాటాక స్ఫటికంలోని హైడ్రాక్సిల్ సమూహాలు నీటి ఆవిరిగా వెలువడతాయి; పొరల అమరిక చెదిరి ఆర్గాన్ బయటపడుతుంది. అంటే ఈ విడుదల కేవలం వ్యాపనం వల్ల జరిగేది కాదు, నిర్మాణభంగంతో ముడిపడినది. కాబట్టి ఫెల్‌స్పార్ విషయంలో చేసినట్లు, దశలవారీ తాపన ఫలితాలను నేరుగా ఖనిజపు ఉష్ణచరిత్రగా వ్యాఖ్యానించడం సరికాదు.

ఆర్గాన్-ఆర్గాన్ పద్ధతిలో మరొక చిక్కు ఉంది. నమూనాపై న్యూట్రాన్లను ప్రసరింపజేసినప్పుడు పొటాషియం-39 నుంచి ఆర్గాన్-39 ఏర్పడుతుంది. ఆ ప్రత్యాఘాతంలో పరమాణువు సగటున 0.08 మైక్రోమీటరు దూరం జరుగుతుంది. ఇల్లైటు రేణువులు అంతకంటే పలుచగా ఉండవచ్చు గనుక కొంత ఆర్గాన్-39 తాపనానికి ముందే తప్పించుకుంటుంది. ఫలితంగా వయస్సు వాస్తవం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే నమూనాను శూన్య గాజుగొట్టంలో మూసి, తప్పించుకున్న వాయువును కూడా కొలుస్తారు.

కుమ్మరి ఆవంలోనూ మట్టి హైడ్రాక్సిల్‌ను, ఆర్గాన్‌ను కోల్పోతుంది. అయినా కుండ వయస్సును ఈ పద్ధతి చెప్పలేదు. చార్మినార్ నిర్మాణం నాటి నుంచి పొటాషియం-40లో విఘటన చెందినది సుమారు 42 లక్షలవ వంతే. అంత స్వల్ప ఆర్గాన్‌ను వాతావరణ ఆర్గాన్ నుంచి వేరుచేసి గుర్తించడం దుస్సాధ్యం. కాలమానం ఎంచుకునే ముందు కొలవదలచిన కాలం ఎంతటిదో, ఆర్గాన్ ఎలా విడుదలైందో తెలియాలి.