మీకు తెలుసా? శత్రువు జేబులో ప్రశంసా చీటీ

1999 జులై. కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్ మీద పట్టు బిగించిన మన 8 సిఖ్ దళంపై పాకిస్థాన్ సైనికులు ఎదురుదాడికి దిగారు. ముందుండి నడిపించినవాడు కెప్టెన్ కర్నల్ షేర్ ఖాన్. ఇక్కడ ‘కర్నల్’ హోదా కాదు, ఆయన పేరులో భాగం. మన సిపాయి సత్పాల్ సింగ్ చేతిలో ఆయన నేలకొరిగాడు.

కథ అక్కడితో అయిపోలేదు. మన బ్రిగేడియర్ ఎం.పి.ఎస్. బాజ్వా ఆ మృతదేహాన్ని కొండ దింపించారు. పాకిస్థాన్‌కు అప్పగించే ముందు జేబులో ఒక చీటీ పెట్టించారు. ‘ఈయన ఎంతో ధైర్యంగా పోరాడాడు, తగిన గౌరవం దక్కాలి’ అన్నది అందులోని సారాంశం. తమ సైన్యం అసలు యుద్ధంలోనే లేదని పాకిస్థాన్ బుకాయిస్తున్న రోజులవి! చివరికి షేర్ ఖాన్‌కు ఆ దేశపు అత్యున్నత శౌర్య పతకం ‘నిషాన్-ఎ-హైదర్’ దక్కింది.

మన పురాణాల్లో రావణుడికి దగ్గరుండి అంత్యక్రియలు చేయించమన్న రాముణ్ని చూశాం. తుపాకుల యుగంలోనూ ఆ మర్యాద పాటించినవాళ్లున్నారు. ఎదుటివాడు పిరికివాడని చాటుకోవడం తేలిక. వాడి ధైర్యాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేయడానికి గుండె కావాలి.

మరి సత్పాల్ సింగ్? ఆయనకు వీరచక్ర వచ్చింది. సైన్యం నుంచి బయటికొచ్చాక పంజాబ్ పోలీసు శాఖలో చేరి, ట్రాఫిక్ విధుల్లో పనిచేశారు. పత్రికల్లో ఆ సంగతి రావడంతో 2019లో ప్రభుత్వం ఆయనకు ఏఎస్ఐగా పదోన్నతి ఇచ్చింది.