అఫ్గాన్ రాజుగారి మెర్సిడెస్ 540కె

1930ల ద్వితీయార్ధంలో జర్మనీలోని జిండెల్‌ఫింగెన్ కర్మాగారంలో రూపుదిద్దుకున్న మెర్సిడెస్-బెంజ్ 540కె స్పెషల్ రోడ్‌స్టర్, మడిచి దాచుకోగల గుడ్డ పైకప్పు ఉన్న రెండు సీట్ల కార్లలో అత్యంత అరుదైన వాటిలో ఒకటి. దాని పేరులో 540 అనేది 5.4 లీటర్ల ఇంజనును, 'కె' అక్షరం కంప్రెసర్‌ను, అంటే సిలిండర్లలోకి అదనపు గాలిని ఒత్తిడితో పంపే పరికరాన్ని సూచిస్తాయి. యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కినప్పుడే పనిచేసే ఆ పరికరం, ఇంజను శక్తిని 115 నుంచి 180 అశ్వశక్తికి పెంచేది. 1933 నుంచి 1973 వరకు అఫ్గానిస్థాన్‌ను ఏలిన మొహమ్మద్ జాహిర్ షాకు చెందిన 1937 నాటి ఇటువంటి కారు, ప్రపంచయుద్ధాన్నీ ఆ రాజరికం అంతాన్నీ దాటి నిలిచి, 2023లో అమెరికాలోని పెబుల్ బీచ్ పోటీలో సర్వోత్తమ వాహనంగా ఎంపికైంది. యంత్రజ్ఞానమూ చేతిపనితనమూ సమానంగా కలిసిన ఇటువంటి వాహనాలను కళాఖండాలతో సమానంగా పరిరక్షించుకోవాలి.