తలుపు గడియ మార్చుట

గత వానకాలమున ఒక రాత్రి చల్లపల్లిలో మా తల్లిగారు గదిలోపల గడియ వైచుకొని పరుండిరి. తెల్లవారి అది రాలేదు. గడియ త్రుప్పుపట్టినది, తలుపు తేమకు ఉబ్బినది. 80 ఏండ్ల చేతులకు లొంగలేదు. కిటికీ చువ్వ యూడదీసి, ఒక పిల్లవానిని లోనికి పంపి తెఱపించితిమి.

పెద్దలారా, మనకు బందరు తీరము దవ్వు కాదు. గాలిలోని ఉప్పుతేమకు ఇనుము త్వరగా చెడును. అందుచే విజయవాడనుండి ఇత్తడి గడియ తెప్పించితిని. వడ్రంగి దానిని ఇనుప మరమేకులతో బిగింపబోగా వారించితిని. తేమలో ఇత్తడిని తాకిన యినుము మఱింత వేగముగ త్రుప్పుపట్టును. మరమేకులును ఇత్తడివే కావలెను. అయితే అవి మెత్తనివి. బలిమి చేసిన తల తెగును. కావున ముందు అంతే లావుగల ఉక్కు మరమేకును త్రిప్పి తీసి, ఆ దారిలో ఇత్తడిదానిని బిగించితిమి. వదులైన పాత రంధ్రములలో సరేసు పూసిన టేకు చీలలు కొట్టి, మరల తొలిచితిమి.

వానలలో గడియ అందలేదని ద్వారబంధపు రంధ్రమును పెద్దది చేయువారు కలరు. ఎండలు రాగానే తలుపు కుదించుకొని గడియ లొడలొడలాడును. మేము వేసవి వఱకు ఆగి, ఉబ్బుటకు కొంత ఎడముంచి అమర్చితిమి. పిడి పొడుగుది; గుండ్రనిదానికంటె ముసలిచేతికి సులువు.

మా తల్లిగారు తామే పదిసార్లు వేసి తీసి చూచిన పిదపనే వడ్రంగికి కూలి యిమ్మనిరి.