సగటు లెక్క – అసలు లెక్క

కుందుర్పిలో వానల సంగతి అందరికీ తెలుసు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది. ఇది చాలా తక్కువ. అందులోనూ ఒక చిక్కు ఉంది. వేరుశెనగ ఊడలు దిగేటప్పుడు చినుకు రాలదు. పంట పీకినాక కుండపోతగా కురుస్తుంది. ఏడాది చివర లెక్క కడితే సగటు వాన పడినట్టే. కానీ పంట ఏదీ?

ఆదాయం లెక్క కూడా ఇట్లాంటిదే.

తలసరి ఆదాయం పెరిగిందని రేడియోలో, టీవీలో చెబుతుంటారు. తలసరి ఆదాయం అంటే ఏమిటి? దేశం మొత్తం ఆదాయాన్ని అందరికీ సమంగా పంచినట్టు లెక్క వేస్తారు. తలకు ఇంత అని తేలుస్తారు. ఇది కాగితం మీది పంపకమే. నిజంగా ఎవరూ పంచరు.

ఒక ఉదాహరణ చూడండి. ఒక వీధిలో ఐదు ఇళ్లున్నాయి. నాలుగు ఇళ్లకు నెలకు 5,000 రూపాయల చొప్పున వస్తుంది. ఐదో ఇంటికి 80,000 వస్తుంది. మొత్తం లక్ష. ఐదుతో భాగిస్తే ఇంటికి సగటున 20,000. ఐదో ఇంటికి ఇంకో 20,000 పెరిగిందనుకోండి. సగటు 24,000 అవుతుంది. మిగతా నాలుగు ఇళ్లలో రూపాయి కూడా పెరగలేదు! ఈ తేడానే అసమానత అంటారు.

పేదలు ఎవరో తేల్చడానికి ఒక గీత గీస్తారు. దాని పేరు దారిద్ర్యరేఖ. 2011-12 సంవత్సరానికి ప్రణాళికా సంఘం పల్లెల్లో మనిషికి నెలకు 816 రూపాయల ఖర్చు దగ్గర ఆ గీత గీసింది. అంటే రోజుకు సుమారు 27 రూపాయలు. రోజుకు 28 రూపాయలు ఖర్చు పెట్టే మనిషి ఆ లెక్కలో పేద కాదు. గీత దాటినంత మాత్రాన కడుపు నిండుతుందా?

కరువు అందరికీ ఒకటే. దెబ్బ మాత్రం ఒకటి కాదు. బోరులో నీళ్లున్న రైతు ఎట్లో నెట్టుకొస్తాడు. వాననే నమ్ముకున్న రైతు అప్పు చేస్తాడు. కూలి మనిషికి పనే దొరకదు. బెంగళూరుకు వలస పోవాలి.

కూలిలోనూ తేడా ఉంది. పొలంలో ఆడమనిషికి తక్కువ, మగమనిషికి ఎక్కువ ఇవ్వడం చాలా ఊళ్లలో చూస్తాం. ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది. 2005లో గ్రామీణ ఉపాధి హామీ చట్టం వచ్చింది. ఇంటికి ఏడాదికి 100 రోజుల పని అడిగే హక్కు ఇచ్చింది. ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి రేటు అంది. 2006 ఫిబ్రవరి 2న ఈ పథకం మొదలైంది కూడా అనంతపురం జిల్లాలోనే, బండ్లపల్లిలో.

ఇకమీదట సగటు మాట వింటే రెండు ప్రశ్నలు అడగండి. ఈ ఆదాయం ఎవరికి వచ్చింది? ఎవరికి రాలేదు?

మీ ఇంటి లెక్క మీరే రాయండి. ఈ నెలలో ఎన్ని రోజులు పని దొరికింది? ఆడవాళ్ల కూలి ఎంత? మగవాళ్ల కూలి ఎంత? అప్పుకు వడ్డీ ఎంత కట్టారు? సంఘం మీటింగులో అందరి లెక్కలూ పక్కపక్కన పెట్టి చదవండి.