పంటకు బీమా సరే... ఒంటికో?

రెండెకరాల రైతుకు పంట పోతే ఒక ఏడాది దెబ్బ. ఇంట్లో ఒకరికి గుండె జబ్బో, కేన్సరో వస్తే పొలమే పోతుంది. పుస్తెలు కుదువపెట్టి, నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి, చివరికి చెక్క అమ్ముకున్న కుటుంబాలు మన పల్లెల్లో కొత్తకాదు. అందుకే పేదల వైద్యం ఎవరు భరించాలన్న వాదన రైతుకూ సంబంధించిందే.

తెల్లకార్డే ఆధారం

ఒకప్పుడు పేదవాడి గుండె ఆపరేషన్‌కు ముఖ్యమంత్రి సహాయ నిధికి అర్జీ పెట్టుకోవాల్సి వచ్చేది. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. రైతు ప్రీమియం కట్టేపని లేదు. 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాది పరిమితిని తెలంగాణ రూ.10 లక్షలకు, ఆంధ్రప్రదేశ్ రూ.25 లక్షలకు పెంచాయి. ఆంధ్రలో 2024 నుంచి దీని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ.

వాదన ఎక్కడ?

సర్కారు సొమ్మంతా ప్రైవేటు ఆసుపత్రులకు పోతోంది, దాంతో మన ఆసుపత్రులు బాగుచేయండని కొందరంటారు. అవి బాగయ్యేదాకా గుండె ఆగుతుందా అని మరికొందరు అడుగుతారు. రెండింటిలోనూ నిజముంది. బకాయిలు ఇవ్వలేదంటూ 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపాయి. అప్పుడు దెబ్బతిన్నది కార్డు పట్టుకుని వెళ్లిన పేదవాడే.

మరో లోటుంది. ఈ పథకం ఎక్కువగా ఆసుపత్రిలో చేరే జబ్బులకే. జ్వరం, బీపీ, షుగరు మాత్రలు, రక్తపరీక్షల ఖర్చు చాలావరకు రైతు జేబులోదే. తెగులు మొదట్లోనే పట్టుకుంటే ఒక్క పిచికారీతో పోతుంది, ముదిరితే చేను దక్కదు. ఒంటి సంగతీ అంతే. బీపీ మాత్ర ఊళ్లోనే అందితే రేపటి పక్షవాతం ఖర్చు తప్పుతుంది. పరిమితి లక్షలు పెంచడంతోపాటు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, మందులు ఉండేలా చూడాలి.

రైతులు గుర్తుంచుకోవాల్సినవి

* రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు, వయసు ఒకేలా ఉండాలి. కొత్త కోడలు, పుట్టిన బిడ్డ పేర్లు వెంటనే ఎక్కించండి. జబ్బు చేశాక తిరగడం కష్టం.

* పెద్ద జబ్బయితే ముందు 104కు ఫోన్ చేయండి. ఆ జబ్బుకు ఏ ఆసుపత్రిలో పథకం వర్తిస్తుందో కనుక్కోండి. ప్రాణాపాయమైతే 108కి చేయండి.

* ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టకముందే ఆరోగ్యమిత్రను కలవండి. పథకం కింద చేరాక డబ్బు అడిగితే రశీదు అడగండి, 104కు ఫిర్యాదు చేయండి.

* తెలంగాణలో 2018 నుంచి ఉన్న రైతుబీమా వేరు. అది 18 నుంచి 59 ఏళ్ల రైతు చనిపోతే కుటుంబానికి రూ.5 లక్షలిచ్చే జీవిత బీమా. ఆసుపత్రి ఖర్చులకు పనికిరాదు.

విత్తనం సంచి కొనేముందు నలుగురిని విచారిస్తాం. ఆసుపత్రి గడప తొక్కేముందూ ఆ విచారణ చేసుకుంటే సగం అప్పు తప్పుతుంది.