రాణిగారి చిత్రకారుడు, నామన్స్ క్రీక్ రైతు

1785లో పారిస్ రాజ అకాడమీ చిత్రప్రదర్శనలో ఒక పెద్ద బొమ్మ పెట్టారు. ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని ట్రియనాన్ తోటలో నడుస్తున్న చిత్రం అది. గీయించుకున్నవాడు స్వీడన్ రాజు మూడో గుస్తావ్. గీసినవాడు స్టాక్‌హోంలో మందులమ్మే ఇంట పుట్టిన ఆడాల్ఫ్ ఉల్రిక్ వెర్ట్‌ముల్లర్. ఇరవై ఏళ్లు తిరక్కముందే అదే మనిషి అట్లాంటిక్ దాటి, అమెరికాలో డెలవేర్ రాష్ట్రం ఉత్తరపు అంచున నామన్స్ క్రీక్ అనే వాగు పక్కన పొలం కొనుక్కుని కాపురం పెట్టాడు. 1811లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు. ఈ సంగతి విన్నవాళ్లకు రెండు ఊహలు తడతాయి. ఒకటి, కొత్త దేశంలో కళకు చోటు దొరక్క పాపం పొలం పాలయ్యాడని. రెండోది తెలుగువాళ్లకు ఇంకా సులువుగా తడుతుంది. రాజుల కొలువు కాదని నాగలి పట్టిన పోతన కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి, ఈయన్నీ ఆ వరసలో నిలబెట్టబోతాం. ఈ రెండూ వెర్ట్‌ముల్లర్‌కు అతకవు. ఆయన లెక్క చూసుకుని అడుగు వేసిన మనిషి. ఆ లెక్క కుదరడానికి ఆయన స్వభావం కన్నా ఇరుగుపొరుగే పెద్ద కారణం.

ముందు కొలువుల సంగతి చూద్దాం. రాణిగారి బొమ్మను పారిస్ విమర్శకులు మెచ్చలేదు. రెండేళ్లకు రాణినీ పిల్లల్నీ మళ్లీ గీసే పని మదాం విజే ల బ్రన్‌కు దక్కింది. వెర్ట్‌ముల్లర్ పారిస్ వదిలి బోర్డోకు, అక్కడి నుంచి స్పెయిన్‌కు వెళ్లాడు. ఈలోగా 1792లో గుస్తావ్ రాజును ముసుగుల నాట్యసభలో తుపాకీతో కాల్చారు. 1793లో మేరీ ఆంటోనెట్ తల గిలటిన్ కింద తెగింది. అంటే 1794లో ఆయన ఫిలడెల్ఫియాలో దిగేసరికి, వద్దనుకోవడానికైనా కొలువు మిగల్లేదు. పోతన పోలిక ఇక్కడే వీగిపోతుంది.

మరి ఫిలడెల్ఫియాలో ఏం దొరికింది? అప్పట్లో అది అమెరికా రాజధాని. అధ్యక్షుడు, సెనేటర్లు, విదేశీ రాయబారులు అందరూ అక్కడే. వెర్ట్‌ముల్లర్ ఆ ఏడే జార్జ్ వాషింగ్టన్ బొమ్మ గీశాడు. అయితే ఆ ఊళ్లో డబ్బిచ్చి గీయించుకునేది దాదాపు ఒక్క ముఖచిత్రాన్నే. పురాణ కథల్ని గోడంత గుడ్డ మీద గీయించే రాజభవనాలు లేవు. ఊరికి పునాది వేసిన క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ప్రార్థనామందిరంలో బొమ్మ అన్నదే పెట్టరు. ఉన్న ముఖచిత్రాల పనికి గిల్బర్ట్ స్టువర్ట్ పోటీకొచ్చాడు. 1794 చివర్లో ఫిలడెల్ఫియా చేరిన స్టువర్ట్, ఏడాది రెండేళ్లలో వాషింగ్టన్ బొమ్మను తన సొత్తు చేసేసుకున్నాడు. ఈ రోజు డాలరు నోటు మీద ఉన్న ముఖం ఆయన గీసిందే. వెర్ట్‌ముల్లర్ 1796లో స్వీడన్ వెళ్లి 1800లో తిరిగొచ్చాడు. వచ్చేసరికి రాజధాని పొటోమాక్ ఒడ్డుకు తరలిపోతోంది. పెన్సిల్వేనియా రాష్ట్ర రాజధాని సైతం ఏడాది ముందే లాంకస్టర్‌కు మారింది. బొమ్మలు గీయించుకునే హోదా ఉన్నవాళ్లు మూటాముల్లె సర్దుకుని పోతున్న ఊళ్లో, యాభయ్యో పడిలో పడుతున్న చిత్రకారుడు మళ్లీ దుకాణం తెరవాలి. కళను ప్రేమించేవాడైతే పట్టుబట్టి నిలిచేవాడే కదా అనొచ్చు. అలా పట్టుబట్టినవాడు ఒకడున్నాడు. ఇటలీ శిల్పి జుసెప్పె చెరాకీ స్వేచ్ఛాదేవికి వంద అడుగుల స్మారకం కడతానని అమెరికా కాంగ్రెస్ వెంటపడ్డాడు. వాళ్లు డబ్బివ్వలేదు. యూరప్ తిరిగి వెళ్లి, నెపోలియన్ మీద కుట్రలో ఇరుక్కుని 1801లో గిలటిన్ ఎక్కాడు. వెర్ట్‌ముల్లర్ ఆ ఏడు పెళ్లి చేసుకున్నాడు.

ఆ పెళ్లి దగ్గరే అసలు కథ ఉంది. పెళ్లికూతురు ఎలిజబెత్ హెండర్సన్. ఆమె తాత గుస్తావస్ హెసీలియస్ 1712లోనే స్వీడన్ నుంచి వచ్చిన చిత్రకారుడు. మేరీలాండ్‌లో ఒక చర్చి కోసం క్రీస్తు కడపటి విందును గీసినవాడు, 1735లో లెనాపె తెగ పెద్దలు టిష్కోహన్, లాపొవిన్సాల రూపాల్ని నిలిపినవాడు ఆయనే. ఆయన కొడుకు జాన్ హెసీలియస్ దగ్గర చార్లెస్ విల్సన్ పీల్ అనే కుర్రాడు గుర్రపు జీను ఒకటి ఇచ్చి రంగుల పాఠాలు నేర్చుకున్నాడు. ఆ పీలే తర్వాత ఫిలడెల్ఫియా కళారంగానికి పెద్దదిక్కయ్యాడు. అంటే కొత్తగా దిగిన స్వీడన్ చిత్రకారుడు, తొంభై ఏళ్ల నాడు దిగిన మరో స్వీడన్ చిత్రకారుడి ఇంటికి అల్లుడయ్యాడు. ఇది కేవలం కాకతాళీయం అనిపించదు. డెలవేర్ నది ఒడ్డున స్వీడన్‌వాళ్లు 1638లోనే వలస ఊరు కట్టారు. దాన్ని 1655లో డచ్చివాళ్లు, తర్వాత ఇంగ్లిషువాళ్లు పట్టుకున్నారు. జెండాలు మారినా రైతులు కదల్లేదు. విల్మింగ్టన్‌లో 1699లో పూర్తయిన చర్చికీ ఫిలడెల్ఫియాలోని గ్లోరియా డేయి చర్చికీ స్వీడన్ నుంచి పాదిరీలు వస్తూనే ఉన్నారు. వాగు పేరులోని నామన్ కూడా ఆ కాలపు ఆదివాసీ పెద్దే. 1654లో స్వీడన్ గవర్నర్‌తో జరిగిన సమావేశంలో స్నేహంగా మాట్లాడినవాడిగా చరిత్రకెక్కాడు. అలాంటివాళ్ల నేల మీదే తర్వాతి పొలాలన్నీ వెలిశాయి. ఆ మాట మింగేసి ఈ కథ చెప్పలేం.

అయితే వెర్ట్‌ముల్లర్ వచ్చేనాటికి ఈ స్వీడన్ సమాజం భాష పోగొట్టుకుంటోంది. మనవలకు ఇంగ్లిషే ఇంటి భాష. 1789లో స్వీడన్ ప్రభుత్వం పాదిరీల్ని పంపడం మానేయాలని నిర్ణయించింది. ఆ వరసలో చివరివాడు నికొలస్ కొలిన్. 1786 నుంచి 1831లో చనిపోయేదాకా గ్లోరియా డేయిని చూసుకున్నాడు. భాష పోయినా బంధుత్వం, ఎవరి భూమి ఎలాంటిదో చెప్పగల మనుషులు, హామీ ఉండగల పెద్దలు పోలేదు. వలస వెళ్లినవాడికి మొదట కావలసింది ఇవే. అమెరికాలో స్థిరపడ్డ ఏ తెలుగు కుటుంబాన్ని అడిగినా ఈ ముక్క ఒప్పుకుంటారు. ఒంటరిగా వచ్చిన పరదేశి పట్నంలో అద్దె గదిలో ఉండి బొమ్మలు గీయగలడు. పొలం కొని నిలదొక్కుకోవడం ఒంటరివాడి వల్ల అయ్యే పని కాదు.

అటు స్వీడన్ సంతతి, ఇటు క్వేకర్లు. వాళ్లకు తోడు అప్పుడే దిగిన ఫ్రెంచివాళ్లు. విప్లవం నుంచి తప్పుకుని 1800 తొలిరోజున అమెరికాలో అడుగుపెట్టిన డ్యూపాంట్ కుటుంబం, 1802లో బ్రాండివైన్ నది ఒడ్డున తుపాకీమందు మిల్లు మొదలెట్టింది. ఆ మిల్లు నామన్స్ క్రీక్‌కు గుర్రం మీద ఒక పూట ప్రయాణంలోనే ఉంది. యూరప్‌లో కూలిన కొలువుల మనుషులు ఇలా ఒకే జిల్లాలో ఒకరు పొలంలో, ఒకరు మిల్లులో తేలడం చూస్తే ముచ్చటేస్తుంది. ముచ్చట కాని పొరుగు ఇంకొకటుంది. డెలవేర్‌లో బానిసత్వం చట్టబద్ధం. 1790 జనగణనలో 8,887 మంది బానిసలు, 3,899 మంది స్వేచ్ఛ పొందిన నల్లజాతివాళ్లు. 1810కి ఆ లెక్క తలకిందులై బానిసలు 4,177కు తగ్గారు, స్వేచ్ఛ పొందినవాళ్లు 13,136కు పెరిగారు. క్వేకర్లూ మెథడిస్టులూ పెట్టిన ఒత్తిడి ఒక కారణం. పొగాకు నుంచి గోధుమకు మారిన సేద్యం ఇంకో కారణం. గోధుమకు ఏడాది పొడుగునా చాకిరీ అక్కర్లేదు, కోతల్లో కూలీలు దొరికితే చాలు. ఆ కూలీల్లో చాలామంది నిన్నటిదాకా బానిసలే. ఆ జిల్లాలో ఏ పెద్దమనిషి పొలమైనా ఇలాంటి చేతుల మీదే నడిచిందని మరవకూడదు.

గోధుమ మాటెత్తాం కాబట్టి డబ్బు లెక్క కూడా చూద్దాం. బ్రాండివైన్ పిండిమిల్లులు దేశంలోనే పేరున్నవి. ఆలివర్ ఇవాన్స్ కనిపెట్టిన యంత్రాలతో, ధాన్యం మనిషి చెయ్యి పడకుండా పై అంతస్తుకు ఎక్కి పిండై దిగే పద్ధతి ఈ ప్రాంతంలోనే నిలదొక్కుకుంది. దానికి 1790లో పేటెంటు వచ్చింది. యూరప్ యుద్ధాల్లో మునిగి ఉండటంతో, 1807 దాకా అమెరికా పిండికి మంచి ధరే పలికింది. పొలం పక్కనే డెలవేర్ నది, ఆ దారినే ఫిలడెల్ఫియా నుంచి విల్మింగ్టన్ వెళ్లే రహదారి. పైగా ఫిలడెల్ఫియాను 1793లో పచ్చజ్వరం కమ్మేసి సుమారు 5,000 మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతా వేసవుల్లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చింది. ఇన్ని కలిసొచ్చినప్పుడు చేతిలో కాస్త డబ్బున్నవాడు నేల కొనకపోతేనే విచిత్రం.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. ఎన్ని లెక్కలు చెప్పినా ఆయన బొమ్మలు గీయడం బాగా తగ్గిపోయింది కదా, దాన్ని ఓటమి అనక ఏమంటాం అని. తగ్గిన మాట నిజమే. కానీ గీయడం తగ్గినంత మాత్రాన బొమ్మల మీద రాబడి ఆగలేదు. 1787లో గీసిన 'డనయీ' అనే చిత్రాన్ని ఆయన అమెరికా తెచ్చుకున్నాడు. గ్రీకు పురాణంలో బంగారు వానగా దిగొచ్చిన దేవుణ్ణి అందుకుంటున్న నగ్న యువతి ఆమె. ఒక్కరు కొనలేని ఆ బొమ్మను డబ్బు తీసుకుని ఊరందరికీ చూపించాడు. గుట్టుగా బతికే ఫిలడెల్ఫియాలో దాని మీద దుమారం రేగింది, జనం ఎగబడి చూశారు. కొలువు లేని దేశంలో కొలువు బొమ్మను టిక్కెట్టు మీద నడపవచ్చని కనిపెట్టినవాణ్ణి వ్యాపారం తెలియని కళాకారుడు అనడం కష్టం. పొలం, డనయీ ఒకే కాపురానికి రెండు ఆదాయాలు.

ఇంకో అభ్యంతరం పక్షుల చిత్రకారుడు అడుబాన్ పేరు మీద వస్తుంది. ఫ్రాన్స్ నుంచి 1803లో వచ్చిన ఆ కుర్రవాడికి పెన్సిల్వేనియాలో తండ్రి కొన్న మిల్ గ్రోవ్ పొలం ఉంది. పొరుగింటి బేక్‌వెల్‌గారి అమ్మాయి లూసీని 1808లో పెళ్లాడాడు. సేద్యం, వ్యాపారం, మిల్లు ఒక్కటీ కలిసిరాక 1819లో దివాలా తీసి, అప్పులకు జైలు కూడా చూశాడు. అన్నీ పోయాకే పూర్తిగా పక్షుల బొమ్మలకు అంకితమై లోకప్రసిద్ధుడయ్యాడు. వెర్ట్‌ముల్లర్ కూడా అంత తెగించి ఉంటే? ఇలా అడిగేవాళ్లు ఒక వివరం వదిలేస్తారు. అడుబాన్ పక్షుల పుస్తకం 1827 నుంచి 1838 దాకా అచ్చయింది బ్రిటన్‌లో, అమెరికాలో కాదు. పాతికేళ్ల తర్వాత కూడా అంత పెద్ద పనిని అమెరికా మోయలేకపోయింది. అడుబాన్ దేశానికి దిగినప్పుడు పద్దెనిమిదేళ్లు. వెర్ట్‌ముల్లర్ పొలం చేరేనాటికి యాభై దాటాయి.

పోనీ, అదేం వ్యవసాయం, పెద్దమనుషుల కాలక్షేపం అంటారా? కాలక్షేపపు సేద్యానికి నమూనా పైన చెప్పిన పీల్‌గారిది. 1810లో జర్మన్‌టౌన్ దగ్గర బెల్‌ఫీల్డ్ అనే పొలం కొని, జెఫర్సన్‌కు ఉత్తరాలు రాస్తూ, తోటల్లో చలవ పందిళ్లు కడుతూ చేతి చమురు వదిలించుకుని, 1821లో మళ్లీ పట్నం చేరాడు. నామన్స్ క్రీక్‌లో తోట సింగారానికి తీరిక తక్కువ. ఏళ్ల తరబడి దున్ని సారం పీల్చేసిన నేలలకు జిప్సం చల్లి, చిక్కుడు జాతి క్లోవర్ వేసి ఆ ప్రాంతపు రైతులు అప్పుడే బాగుచేసుకుంటున్నారు. ఇంతలో 1807 డిసెంబరులో అప్పటి అధ్యక్షుడు జెఫర్సన్ విదేశీ వర్తకాన్ని నిషేధించాడు. ఓడలు రేవుల్లో ఆగిపోయి గోధుమ ధర పడిపోయింది. ఆ దెబ్బకూ వెర్ట్‌ముల్లర్ పొలం వదిలిపెట్టి పోలేదు.

ఆయన పోయాక డనయీని చార్లెస్ విల్సన్ పీల్ కొడుకు రెంబ్రాంట్ పీల్ కొన్నాడు. అది చేతులు మారి చివరికి స్టాక్‌హోంలోని జాతీయ మ్యూజియం చేరింది. రాణిగారి బొమ్మ కూడా అక్కడే ఉంది. నామన్స్ క్రీక్ నీళ్లు డెలవేర్‌లో కలిసే చోటు చుట్టూ ఇప్పుడు క్లేమాంట్ ఊరు. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం అక్కడ ఉక్కు ఫ్యాక్టరీ పొగలు కక్కింది. పొలం మీద ఉన్నప్పుడు ఆయన రాసుకున్న దినచర్య మాత్రం 1963లో అచ్చయింది. ఆ పుస్తకం పేరులో చిత్రకారుడు, వలస రైతు అన్న రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి.